బ్రాకెట్లో తాత

సినిమాల అడుగున అక్షరాలు పేర్చడం నా ఉద్యోగం,
చెవులు వినపడనివాళ్ల కోసం.
తలుపు కిర్రుమంటే కిర్రుమందని రాస్తాను,
గుర్రం సకిలిస్తే సకిలించిందని.

ఈ రీలు డెబ్బై ఏళ్ల నాటిది.
నలభై ఏడో నిమిషంలో గుట్ట మీద ఒకాయన
చెయ్యెత్తి ఏదో అంటాడు.
పాత కాగితంలో ఆ మాటకి బ్రాకెట్లో మూడు ముక్కలు:
రెడ్ ఇండియన్ అరుస్తున్నాడు.

అరవడం లేదు.
మా తాత హోస్కీ బిత్సిలీ మామూలుగా మాట్లాడినా అంతే,
గాలికి ఎదురెళ్లే గొంతు.

కయెంటా దాటాక ఎర్రరాళ్ల లోయలో
రోజుకి ఐదు డాలర్లు,
గుర్రం మీంచి పడితే ఇంకో రెండు.
ఒక్క మధ్యాహ్నంలో మూడుసార్లు చచ్చి
మేకలకి ఉప్పు, అమ్మమ్మకి మిషను సూదులు కొనుక్కొచ్చాడు.
మీరు చాలినంత ఎర్రగా లేరని
డబ్బాల్లో రంగు తెచ్చి పూశారట మావాళ్లకి!
ఏ తెగవో ఈకలు తలకి కట్టారట.
నాయకుడి వేషానికి మాత్రం
బ్రూక్లిన్ నుంచి ఒక నీలికళ్లాయన.

హీరో తమ్ముడు చావడానికి నాలుగు నిమిషాలు పట్టింది,
వయొలిన్లతో సహా.
తాతకి దుమ్ము లేచి అణిగినంత సేపు.

నాకు నవాహో వంటింటి మేరకే వచ్చు.
ఆ ముక్కని ల్యాప్‌టాప్‌లో వేసుకుని
రాత్రంతా కారు నడిపి అమ్మమ్మ దగ్గరికెళ్లాను.
నానాబా తెర వైపు చూడలేదు.
పోయినవాళ్లని చూడకూడదు, పేరెత్తకూడదు మాలో
(నేను పైన ఎత్తేశాను, తప్పే).
గోడకి మొహం తిప్పి కూర్చుంది.
మళ్లీ పెట్టమంది.
మూడోసారికి భుజాలు కదిలాయి.
ఏడుస్తోందనుకుని ఆపబోయాను.

నవ్వుతోంది!
"ఏం మాట్లాడాలో వాళ్లు రాసివ్వలేదే,
నోటికొచ్చింది అనమన్నారు.
నాయకుడుగారి రంగు చెమటకి కారిపోతోంది,
ఎవరైనా గొడుగు పట్టండర్రా, అంటున్నాడు."

తర్వాత ఇంకో చిన్న మాట ఉంది,
తాత తల పక్కకి తిప్పి అనేది.
అదేంటి అమ్మమ్మా?
చాలాసేపు చీర్లు కట్టిన కిటికీలోంచి మేకల చప్పుడు.
"అది నాది," అంది. "రాయకు."

గొడుగు మాట అక్షరం పొల్లుపోకుండా రాశాను.
రెండోదానికి వేళ్లు కాసేపు ఆగి
మళ్లీ బ్రాకెటే తెరిచాయి:
ఒకాయన
భార్యతో ఏదో చెబుతున్నాడు.