తేరిందాకా

మక్తల్‌ల బస్సు దిగి
బజ్జీల బండి ఎనక సందులకు మళ్లితే
వాసనే దారి చెప్పింది.

రాచప్ప గానుగకు ఇప్పుడు మోటరు.
"ఉరికితే నూనె కాగుతది సార్" అని
పుల్లీలు మార్చి మార్చి
దానికి తన ఎద్దు నడక నేర్పిండు.
ఎద్దు పోయి పదకొండేండ్లు.
బండల మీద గిట్టల గాడి
ఇంకా గుండ్రంగనే ఉన్నది.
కోడలు నీలగంగ కుసుమల గంపతోని
నేరుగ రావచ్చు, రాదు.
ఆ గాడి పొంటే తిరిగొస్తది.

రోకలి కిర్రుమంటే
మాట ఆపి చెవి పెడతడు రాచప్ప.
"ఇంకో చెంచెడు నీళ్లు."

నా అరచేతిల చుక్క ఒంపిండు.
ముందు ఎండుగడ్డి,
ఎనక ఎండ,
ఆఖరికి గొంతుల సన్నగ
కుసుమ ముల్లు.

రెండు లీటర్లకు డబ్బా చాపితే
నీలగంగ బిందె మీద మూత పెట్టింది.
"ఇయ్యాల తీసింది, ఇంక తేరలే.
శుక్రారం రాండ్రి."
నోట్లు జేబుల్నే ఉన్నయి.
మడ్డికి తొందర తెల్వదు.

ఖాళీ డబ్బా ఒళ్లె పెట్టుకొని
పాలమూరు బస్సెక్కిన.
టికెట్టు మీద
బొటనవేలు ఆనినకాడ
కాయితం అద్దమయింది.
మరికల్ దాటిందాకా
దాన్ని ఎండకు పట్టి
చూసుకుంట కూసున్న.