గది చప్పుడు

చప్పుడు కాని చప్పుడొకటి ఉంటుందని
మంగళవారాలు మొదలయ్యేదాకా నాకు తెలీదు.

చియాతురాలో మా సినిమా క్లబ్బుకి
సంస్కృతి భవనం రెండో అంతస్తులో ఓ గది ఇచ్చారు.
నెత్తిమీద డాన్సు క్లాసు.
మేం "యాక్షన్" అన్నామో లేదో
నలభై మడమలు ఒక్కసారి దిగుతాయి.
పలకమీద సుద్దతో సీను నెంబరు,
తుడవడానికి మామూకా మోచెయ్యి.
తుడుపుకర్ర చివర మైకు.
గాలి హోరు తగలకుండా మైకుకి
తాతకి చెప్పకుండా నేను కత్తిరించిన
గొర్రెబొచ్చు టోపీ.

ఆ కర్ర నాది.
అందరికంటే పొట్టిదాన్ని,
నాకే ఎందుకంటే
నేనొచ్చేసరికి కెమెరా పంచేసుకున్నారు.

మొదటిది ఓతియా తీసిన దయ్యం సినిమా.
నెత్తురు కోసం దానిమ్మ పానకం కాచాం.
రెండో టేకుకే కందిరీగలొచ్చాయి.
చచ్చి పడున్న ఎలిసో లేచి పరుగో పరుగు.
శవం పరిగెత్తడం బాగుందని
అదే ముగింపు చేశాం.

తర్వాతిది ప్రేమకథ, సగంలో ఆగింది.
హీరో హీరోయిన్లకి నిజంగానే మాటల్లేవు.

ఇక నజిబ్రోలా గారిది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు
గనికీ ఊరికీ మధ్య
ఇనప తొట్టిని తీగమీద నడిపించిన మనిషి.
తొట్టి ఆగిపోయింది. ఆవిడ ఆగలేదు.
ఇప్పటికీ పొద్దున్నే వచ్చి తాళం తీస్తుంది,
ఊడ్చి, టీ కాచుకుని,
చీకటి పడ్డాక తాళం వేస్తుంది.
జీతం రాదుగా అంటే
"తాళంచెవి నా దగ్గరే ఉందిగా" అంటుంది.

తేక్లె ఇరవై రెండు ప్రశ్నలు రాసుకొచ్చింది.
భయం వేసేదా?
"గాలొస్తే ఆపేదాన్ని."
మధ్యలో ఎవరైనా చిక్కుకున్నారా?
"దింపేదాన్ని."
మీ జీవితం గురించి ఒక్క మాటలో?
ఆవిడ తేక్లె వైపు చూసింది,
ఈ పిల్లకి అన్నం పెట్టారా లేదా అన్నట్టు.
ఇరవై రెండూ తొమ్మిది నిమిషాల్లో అయిపోయాయి.

లైట్లు సర్దేస్తుంటే నేనడిగాను:
ఒక్క నిమిషం. గది చప్పుడు కావాలి.
ఎక్కడివాళ్ళక్కడే. బూట్లు కదపొద్దు.
కెమెరా నడుస్తూనే ఉండనీ.
రేపు మాటలు కత్తిరించిన చోట
అతుకెయ్యడానికి
అదే తానులోంచి దాచుకునే గుడ్డపీలిక అది.

చెవులకి తొడుక్కున్నాను.
చల్లారుతున్న కెటిల్ చిటుక్కుమంది.
ఓతియా కడుపు ఇరవై మూడో ప్రశ్న అడిగింది.
ఎక్కడో కింద, మాంగనీసు కడిగిన నల్లటి ఏరు.
దానికీ పైన,
పని లేని తీగ
తనలో తాను శ్రుతి చూసుకుంటోంది.

నా చెవులకి యంత్రముంది.
ఆవిడకి ఏమీ లేదు.
అయినా తల ఓరగా వంచి,
తుప్పు పట్టిన మీట మీద చెయ్యి వేసి,
నలభై మూడో సెకనులో అంది:
"పడమటి గాలి. ఇవాళ నడపను."

గది చప్పుడు పాడైపోయింది.
రూలు ప్రకారం మళ్ళీ తియ్యాలి.
ఎవ్వరూ మళ్ళీ అనలేదు.
నా చేతులు వణికాయి కానీ
కర్ర దించలేదు.

దించలేదనే అనుకున్నాను.

ఎడిటింగులో మూడు వారాలు కొట్టుకున్నాం.
ప్రశ్నలన్నీ పోయాయి.
తేక్లె ఏడ్చింది, తర్వాత తనే
తన గొంతు కూడా తీసెయ్యమంది.
మిగిలింది ఆ ఒక్క నిమిషం,
ముందు కాస్త ఊడ్చడం, వెనక కాస్త తాళం.

కింది హాల్లో తెర కట్టాం.
డాన్సు క్లాసువాళ్ళు బూట్లు చేత్తో పట్టుకుని వచ్చారు.
తెరమీద ఏరు, తీగ, ఆవిడ చెయ్యి.
హాలంతా ఊపిరి బిగబట్టిన ముప్పై తొమ్మిదో సెకనులో
ఫ్రేము పైఅంచు నుంచి
బొచ్చుబొచ్చుగా ఏదో మెల్లగా దిగింది.

"అది నా టోపీ!"
రెండో వరసలోంచి మా తాత.

"ష్," అంది వెనకనుంచి నజిబ్రోలా గారు,
"గాలి వినిపించట్లేదు."