సబ్‌మీటర్

బ్రాడీపేట నాలుగు బై పధ్నాలుగు,
మేడమీద వెనక పోర్షన్.
అడ్వాన్స్ తీసుకునేటప్పుడే శేషారత్నంగారు అడిగారు:
"చుట్టాలొస్తారా? వస్తే ఎన్నాళ్లుంటారు?"

రాత్రి పదకొండున్నరకి
కెర్నెల్ కూడా నన్ను అదే అడిగింది.
ఈ మెయిన్‌ఫ్రేమ్‌లో ఇంకో యంత్రానికి చోటివ్వాలా?
వై అని కొట్టాను.
ఒక్క అక్షరం.
దాని వెనక నలభై నిమిషాల కంపైలు,
రెండు కప్పుల టీ, కిందింటి పిల్లాడి ఎక్కాలు.

తీరా చూస్తే చుట్టం లేవలేదు.
మూడుసార్లు తట్టాను.
తప్పు నాదే అయుంటుందని
రాసిన ఫంక్షన్లన్నీ ఒక్కొక్కటీ విప్పాను
ఉల్లిపాయ ఒలిచినట్టు, కళ్లు మండేదాకా.

రెండింటికి మస్తాన్‌వలికి ఫోన్.
డేటా సెంటర్లో నైట్ డ్యూటీ, ఏదో నములుతున్నాడు.
"ప్రాసెసర్ ఫీచర్ల లైను చదువు. ఎస్-ఐ-ఈ ఉందా?"
లేదు.
నవ్వాడు.
"అదే అసలు యంత్రం అనుకున్నావా?
నువ్వూ అద్దెకున్నదానివే తల్లీ.
నీ కింద ఇంకొకడున్నాడు, వాడి కింద ఇనుము.
ఓనర్ని అడక్కుండా నువ్వు గది ఎలా ఇస్తావు?"

అడిగాడు. ఇచ్చారు.
మూడూ పదికి లేచింది.
లేస్తూనే, నేనెంత, నాకేముంది అంది.
రెండు ప్రాసెసర్లు, నాలుగు గిగాబైట్లు,
అంతా నీదే అన్నాం.
అబద్ధమే.
అది చెయ్యకూడని పని చెయ్యబోయినప్పుడల్లా
మాట మధ్యలో ఆపి
ఆ పని మేమే చేసిపెట్టి
మళ్లీ ఆ మాట మధ్యలోకే దింపుతాం.
ఆగినట్టు కూడా దానికి తెలీదు

అనుకున్నాను.

దాని లెక్కల పట్టీలో చివర్న ఓ గడి ఉంది.
తనది కావలసిన కాలంలో
ఇంకెవరో వాడుకున్నది.
సున్నా పాయింట్ ఏడు.

తెలుసన్నమాట.
ఎవరని అడగలేదు. రాసుకుంది,
పనిలో పడింది.
నేనే చాలాసేపు ఆ అంకె దగ్గర కూర్చుండిపోయాను.

ఐదింటికి మోటారు చప్పుడు.
మెట్ల కింద టార్చి వేసుకుని
శేషారత్నంగారు సబ్‌మీటర్లు చూస్తున్నారు,
ఐదు పోర్షన్లకీ ఒకటే నోటుపుస్తకం.
నా అంకె దగ్గర పెన్సిలాగింది.
"రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంది. ఎవరైనా వచ్చారా?"

"ఒకరొచ్చారండీ" అన్నాను.
"ఇంకా కొందరు రావచ్చు."