పెడలెత్తు

రిమ్ము ఎనిమిదంకెలా మెలితిరిగి వచ్చింది.
బ్రేకు రబ్బర్లు బాగానే ఉన్నాయి, మొన్నే మార్చాను.
ఎస్సై గారు అడిగితే అదే చెప్పాను.
ఆయన రాసుకున్నది మాత్రం ఒక్క మాట:
డ్రైవరు అజాగ్రత్త.

అబద్ధమేం కాదు.
వీర్రాఘవులికి రెండు రాత్రులుగా కునుకు లేదు.
వెనక రొయ్యల మీద ఐసు కరిగిపోతోందని
హారను మీద చెయ్యి తియ్యలేదు,
బ్రేకు మీద కాలు పెట్టలేదు.
ఆ కాలుకి శిక్ష పడాల్సిందే.

అయినా తెల్లారాక గట్టు మీదికి వెళ్ళాను,
ఆమె సైకిలు పెడలు ఊడదీసి పట్టుకుని.
కాలువ వైపు తారు అంచు పక్కన నిలబెట్టి చూశాను.
సరిగ్గా పెడలెత్తు.
ఏటా తారు మీద తారు పోశారు గానీ
అంచున తట్టెడు గ్రావెలు పోసిన నాథుడు లేడు.
హారను విని సువార్త పక్కకి తప్పుకుంది.
తప్పుకోడానికి పక్కేదండీ?
చక్రం దిగింది, మళ్ళీ ఎక్కబోయింది,
లారీ వైపే ఒరిగింది.

నా కొట్టు గోడకి ఇంకో రెండు రిమ్ములు వేలాడుతున్నాయి,
ఆ మలుపువే.
ఒకదాన్ని గుద్దినవాడు తాగున్నాడు.
రెండోవాడు మా తోడల్లుడు, టీ కూడా ముట్టడు.

నిన్న సువార్త కూతురొచ్చింది.
"బాబాయ్, ఎల్లుండి నించి రొయ్యల షెడ్డుకి నేనెళ్ళాలి. బాగవుద్దా?"

స్పోకులు ఒక్కొక్కటే బిగిస్తున్నాను.
తిప్పితే ఇంకా ఒక్కచోట కొంచెం కొడుతోంది,
అదైతే తీసేస్తాను.
వెనక మడ్డుగార్డుకి ఎర్ర బిళ్ళ వేస్తాను.
డబ్బులు తీసుకోను.
ఆ పిల్లకి ఏ వైపు తొక్కమని చెప్పాలో తెలీక
పానా పట్టుకుని కూర్చున్నాను.