ఐదు నుంచి ముప్ఫై అయిదు డిగ్రీల మధ్య

బయట మైనస్ ముప్ఫై ఒకటి.
తలుపు తోసుకొచ్చిన ఆవిడ వెంట
కొంత పొగా కొంత మంచూ లోపలికొచ్చాయి.
ఉలాన్‌బాతర్‌లో జనవరి నెలంతా
ఏది ఏదో చెప్పడం కష్టం.

నడుం పట్టీ వదులు చేసి
గొర్రెతోలు డేల్ లోపల్నించి
కడుపుకి ఆనించుకున్న లాప్‌టాప్ తీసి
కౌంటర్ మీద పెట్టింది.
ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.
"చలిలో పుట్టిన పిల్లల్నీ ఇట్లాగే తెస్తాం" అంది
నేను అడక్కుండానే.

పేరు దులమ్‌సురెన్. జవ్‌ఖాన్‌లో పశువుల డాక్టరు.
ఒక రాత్రీ ఒక పగలూ బస్సులో కూచుని వచ్చింది
వారంటీ పొడిగించుకోడానికి.

నా ఉద్యోగం రేపటిని అమ్మడం.
ఏడాదికింత, మూడేళ్లకింత,
మూడేళ్లు ఒకేసారి కొంటే పదిశాతం తగ్గింపు.

"ఎక్కడ కొన్నారు?"
"సియోల్లో, ట్రైనింగుకి పోయినప్పుడు.
కొట్టతను రెండు చేతుల్తో అందించాడు."
రెండు చేతుల సంగతి రాయడానికి
నా ఫారంలో గడి లేదు.
కొన్న దేశానికో గడి, వాడే దేశానికో గడి,
రెండూ ఒకటి కాకపోతే
కింది బటన్ బూడిదరంగు తిరిగి మొరాయిస్తుంది.
పుట్టింటి హామీ మెట్టినింట చెల్లదని
మా హెడ్డాఫీసు నమ్మకం.
చెల్లాలంటే అంతర్జాతీయ రకం కొనాలి.
దాని ధర రెండింతలు. పైగా
అసలు రసీదు చూపించాలి.

టీకాల రిజిస్టర్లో దాచిన రసీదు తీసింది.
తెల్లగా ఉంది.
అటు తిప్పాను, ఇటు తిప్పాను,
దీపానికి అడ్డంపెట్టి చూశాను.
ఒక్క అంకె లేదు. ఒక్క కొరియా సున్నా అయినా లేదు.
రెండేళ్లలో అక్షరాలు
ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోయాయి.

ఆవిడ ఏమీ అనలేదు.
కౌంటర్ ఇవతలికొచ్చి
నా కాళ్ల దగ్గరి హీటర్ ముందు గొంతుక్కూచుని
ఎర్రటి కడ్డీకి జానెడు దూరంలో కాగితం పట్టుకుంది.
రొట్టె కాల్చేవాళ్ల ఓపిక.
కాగితం నల్లబడింది.
నలుపులో పాలిపోయిన గీతలు,
గీతల్లోంచి తేదీ, సీరియల్ నంబరు, కొట్టు పేరు.
పదకొండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను.
చెరిగిన రసీదుతో వచ్చినవాళ్లని
ఎంతమందిని వెనక్కి పంపానో
అప్పుడు లెక్క గుర్తుకొచ్చి
నీళ్లు తాగాను.

షరతులు చదివి వినిపించాలి, అది నియమం.
"ఐదు నుంచి ముప్ఫై అయిదు డిగ్రీల మధ్య వాడవలెను."
ఆవిడ కిటికీ వైపు చూసింది.
నేనూ చూశాను.
"గొర్రె తొక్కితే?"
వర్తించదు.
"టీ ఒలికితే?"
వర్తించదు.
"జుడ్ వస్తే?"
ప్రకృతి వైపరీత్యం, పద్నాలుగో పేజీ, వర్తించదు.
"లోపల నలభై వేల పశువుల టీకాలున్నాయి.
పోయిన చలికి చచ్చినవాటి పేజీ కూడా ఉంది,
తీసేయబుద్ధి కాలేదు. అది పోతే?"

లోపలున్నదానికి మా పూచీ లేదన్నాను.
పెట్టెకే.

నవ్వింది. కోపం లేని నవ్వు,
పళ్లు చూపించని గొర్రెని
సంతలో వదిలేసేవాళ్ల నవ్వు.
ఇక లేచి పోతుందనుకున్నాను.
మూడేళ్లది మాత్రం వద్దంది.
"ఒక్క చలికాలానికి ఇవ్వు. బతికితే మళ్లీ వస్తా."
ఎవరు బతికితేనో చెప్పలేదు.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది,
తడి వాసన నోట్లు.
మిషను చిన్న చీటీ కక్కింది.
చింపి ఇవ్వబోతూ ఆగాను.
"ఫోనులో ఫొటో తీసుకోండి.
ఇదీ అదే రకం కాగితం."

పట్టీ బిగించుకుంటోంది.
కడుపు మీద లాప్‌టాప్ మళ్లీ తన చోట కూచుంది.
"పరవాలేదు," అంది, "ఇంట్లో పొయ్యి ఉంది."