ఏడో కుర్చీ

రాజంపేట ఇంటర్ కాలేజీలో సెక్షనుకు నూట ఇరవై మందిమి.
ఫ్యాను గాలి అందని మూల చూసుకొని కూర్చుంటే
రెండేళ్లు ఎవరి కంటా పడకుండా జరిగిపోయాయి.
నేను పోని రోజు కూడా
నా నంబరుకు ఎవరో ఒకరు "ప్రెజెంట్ సార్" అనేవాళ్లు.

మనామాలో మాకిచ్చిన గదిలో ఒకటే బల్ల,
అదీ గుండ్రం. ఏడు కుర్చీలు.
గుండ్రటి బల్లకు వెనక బెంచీ యాడుంటుంది?

ఓబుళేశ్వరి అనే నా పేరు
ఆ బల్ల చుట్టూ ఒక రౌండు తిరిగి
ఓబూ అయి నా దగ్గరికొచ్చింది.

మేడమ్ పాఠం చెప్పదు.
ఒక కాగితం మధ్యలోకి తోసి
కుర్చీ గోడకు జరుపుకుంటుంది.
కాగితంలో ఒక రోగి:
నలభై నాలుగేళ్లు, ఓడల మరమ్మతు యార్డు, ఆగస్టు,
పొద్దున పదకొండింటికి నిలువునా కూలాడు.
ఎందుకో మీరే తేల్చండి, అంటుంది.

నాయన హిద్ద్‌లో వెల్డరు.
ఆ కాగితం మనిషి చొక్కా వీపున
తెల్లగా ఉప్పు చారలుంటాయని నాకు తెలుసు.
అట్లాంటి చొక్కాను అమ్మ
ముందు వట్టి నీళ్లలో జాడించి
ఆ తర్వాతే సబ్బు పెడుతుందనీ తెలుసు.
చెప్పలేదు.

మూడో వారం నోరు తెరిచి
ఒకే ఒక్క మాట, అదీ తప్పు పలికాను.
ఎవరూ నవ్వలేదు.
నవ్వినా బాగుండు, నేనూ కలిసి నవ్వేసేదాన్ని.
సెలవులని అమ్మకు చెప్పి
రెండు రోజులు గుదైబియా ఫ్లాట్‌లో
పక్కింటి ఏసీ కారే చుక్కలు లెక్కపెట్టాను.

రెండో రోజు సాయంత్రం ఫోన్లో ఫత్హియా గొంతు.
అంతకుముందు మా మధ్య నడిచింది ఒక పెన్ను అరువు, అంతే.
వెనకాల జోమార్ దగ్గు, కుర్చీ ఈడ్చిన చప్పుడు,
అబ్బాస్ ఏదో కరకర నములుతున్నాడు.
"ఓబూ, బోర్డు మీద రాసేవాళ్లు లేరు.
అబ్బాస్ రాత అబ్బాస్‌కే తెలీదు.
నూఫ్ బాణం గుర్తులన్నీ తిరగేసి వేస్తుంది.
నీ అక్షరాలైతే మాకు తెలుస్తాయి. రేపు రా."
నువ్వు లేక దిగులుగా ఉంది లాంటిదేం లేదు.
అందుకే పోగలిగాను.

మార్కర్ చేతికిచ్చారు.
వాళ్లు చెప్తున్నారు, నేను రాస్తున్నాను,
తొందరలో చెయ్యి జారి
తెలుగులో 'ఉప్పు' అని రాసేసింది.
గది ఆగింది.

"ఏమిటది, బొమ్మా?" అంది యుస్రా.
చదివి వినిపించాను.
రిన్సీ సగం లేచి నిలబడింది:
"ఉప్పా? మాకూ ఉప్పేగా!"
ఇన్నాళ్లూ పక్కపక్కన కూర్చుని
ఇద్దరం ఇంగ్లీషు వెతుక్కుంటూ అవస్థపడ్డాం.
నూఫ్ మిల్హ్ అంది. జోమార్ అసిన్ అన్నాడు.
అప్పుడు చొక్కా సంగతి బయటికొచ్చింది,
వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో,
అమ్మ జాడించే తీరుతో సహా.
"మా తాత పడవ దిగొచ్చినా అంతే,
చొక్కా నిలబెడితే నిలబడేది," అన్నాడు అబ్బాస్.
గోడ పక్కన మేడమ్ ఏదో రాసుకుంది.

తర్వాత కరక్ చాయ్.
జోమార్ నాకు వంద ఫిల్సులు బాకీ.
వంతెన మీద రద్దీ పెరుగుతుందని నూఫ్ తాగకుండానే పరుగెత్తింది,
ఆ కప్పు కోసం మిగిలినవాళ్లు కొట్టుకున్నారు.

కాగితం రోగి సంగతి గురువారం తేలాలి.
ఆలోగా నాయన చొక్కా ఒకటి తెమ్మంది యుస్రా,
ఉతక్కుండా.
అమ్మకేం చెప్పాలో
ఇంకా తోచలేదు.