ఒక్క తీగ మీద తొమ్మిది మంది

రుపన్యప్ ఊరి బయట నోస్కే వాళ్ళ సైలో.
డిసెంబరు ఎండకి రేకు మీద చెయ్యి పెట్టలేం.
లోపల ఎనభై టన్నుల గోధుమ,
గోధుమలోకి నేను దింపిన ఒక్క తీగ,
తీగకి మీటరుకొకటి చొప్పున
చింతగింజలో సగమంత సెన్సార్లు, తొమ్మిది.

పగలు నేను మందుల షాపులో బీపీ మాత్రలు లెక్కపెడతాను.
రాత్రి వంటగది బల్ల మీద టంకం వేస్తాను.
ఆ సంగతి ఎలా తెలిసిందో, నెవిల్ అడిగాడు:
"నా గింజలకి లోపల జ్వరమేమైనా ఉందేమో చూస్తావా?"

అడగడానికి ఒక పద్ధతుంది.
ముందు తీగని కిందకి లాగి పట్టుకోవాలి,
రెప్పపాటుని మూడొందల ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్కంత సేపు.
తర్వాత వదిలెయ్యాలి. వదిలేస్తేనే జవాబు.
పసుపు, ఊదా, ఎరుపు చారల రెసిస్టరు
తీగని మళ్ళీ పైకి లేపుతుంది,
లేచిన తీగని చటుక్కున గుంజి
"ఉన్నాం" అంటారు అవతల.
ఒక్కరున్నా అదే మాట, తొమ్మిది మందున్నా అదే మాట.

పేర్లు రాబట్టడం వేరే పని.
అరవై నాలుగు అంకెల పేరు ఒక్కొక్కరిదీ.
అంకె అంకె దగ్గరా
కొందరు సున్నా అంటారు, కొందరు ఒకటంటారు, అందరూ ఒకేసారి.
నేనొక వైపు మొగ్గుతాను.
అటు కానివాళ్ళు నోరు మూసుకుంటారు.
చివర ఒక్కరు మిగులుతారు.
మళ్ళీ మొదటికి, ఇంకొకరి కోసం.
తొమ్మిది పేర్లూ మందుచీటీల వెనక రాసుకున్నాను.

వాటికి వేరే కరెంటు లేదు.
మాట వచ్చే తీగలోంచే గుక్కెడు పీల్చుకుని బతుకుతాయి.
ఇంకో తీగ ఖర్చెందుకని నేనే అలా పెట్టాను.

బాక్సింగ్ డే రాత్రి పదకొండింటికి ఫోను.
"ఏడోది ఎనభై అయిదంటోంది! తగలబడుతోందా?"
నైటీ మీదే కారెక్కాను.
సైలో నిమ్మళంగా నిలబడి ఉంది. పొగ లేదు, పైన చుక్కలు.
ఎనభై అయిదు వేడి కాదు నెవిల్,
కొలవకముందు దాని నోట్లో ఉండే అంకె.
పుస్తకం తెరవకుండానే
చదివేశానని చెప్పే పిల్లాడి లాంటిది.

వరండాలోంచి వాళ్ళమ్మ ఎల్సా వింటోంది. ఎనభై తొమ్మిదేళ్ళు.
"మాకూ ఒక్క తీగే ఉండేది,
కొంత దూరం స్తంభాల మీద, కొంత దూరం కంచె మీద.
ఏడిళ్ళకి ఒకటే లైను.
మా గంట పొడుగు, పొట్టి, పొడుగు.
క్రూగర్ వాళ్ళది మూడు పొట్టివి.
ఎవరిది మోగినా అందరం ఎత్తేవాళ్ళం, అబద్ధమెందుకు.
ఎత్తే చేతులు పెరిగేకొద్దీ గొంతు సన్నబడేది.
మా అక్కకి పురుడొచ్చిందన్నారు,
ఆడో మగో వినపడలేదు.
అమ్మ ఫోనులోకి అరిచింది,
పెట్టెయ్యండే అందరూ, దాన్నొక్కదాన్ని మాట్లాడనివ్వండి!"

నాకు నవ్వు రాలేదు.
నేనూ తొమ్మిది మందినీ ఒక్కసారే కొలవమంటున్నాను.
తొమ్మిది నోళ్ళు ఒకేసారి పీలిస్తే తీగలో ఏం మిగులుతుంది?

కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి నాలుగు లైన్లు మార్చాను.
ఒకరిని పేరు పెట్టి పిలవడం,
ముప్పావు సెకను తీగంతా వాళ్ళకే వదలడం,
వినడం. అప్పుడు పక్కవాళ్ళు.

ఏడోది: ముప్పై ఒకటి.
నెవిల్ ఊపిరి వదిలాడు.
నాలుగోది: నలభై ఒకటి.
మళ్ళీ అడిగాను. నలభై ఒకటి.
ఇది చూసి చెబుతున్న మాటే.

పాత లెక్కలు తీశాం.
వారం నుంచి రోజుకొక డిగ్రీ, మెల్లగా,
ముప్పై అయిదు, ముప్పై ఆరు, చెబుతూనే ఉంది పాపం.
మేం అరిచినదాని దగ్గరికి పరిగెత్తాం.

పై మూత తీస్తే తడి గోనెసంచి వాసన.
"పురుగు," అన్నాడు నెవిల్, ఫ్యాను వెయ్యడానికి దిగుతూ.

ఎల్సా లోపలికి వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చుంది.
"ఆ నాలుగోదాని పేరేంటి?"
చీటీ వెనక చూసి చదివాను,
ఇరవై ఎనిమిది, ఎఫ్ఎఫ్, సున్నా ఏడు, ఇంకా చాలా.
"అంత పొడుగా," అంది.
చేతికర్రతో చెక్క మీద కొట్టింది,
పొడుగు, పొట్టి, పొడుగు.

ఫ్యాను హోరు.
నలభై ఒకటి.
ఇంకా నలభై ఒకటే.